ఏసుదాసు పేరు మీద మింగిన మందు

బంగారరాజు చేసిన పనిని సత్యం పద్నాలుగేళ్లయినా మరిచిపోలేదు. 1991లో సత్యానికి టీబీ వచ్చింది. ప్రైవేటు డాక్టరు రాసిన మందులు కొనలేక కొబ్బరితోట అమ్మకానికి పెడితే, కొన్నది బంగారరాజే. కొన్నందుకు సత్యానికి కోపం లేదు, ఎవడో ఒకడు కొనాలి కదా. కానీ సంతకం పెట్టేవేళ సత్యం దగ్గర పెన్ను లేకపోతే, రాజుగారు తన జేబులో పెన్ను తీసి చేతికివ్వకుండా కాగితాల మీద పడేశాడు. సత్యం సంతకం పెట్టి తిరిగిస్తే దాన్ని తువ్వాలు కొసతో పట్టుకుని, నలుగురూ చూస్తుండగా కాలవలోకి విసిరేశాడు. మంచి పెన్ను. బంగారు క్లిప్పు ఉంది. అది నీళ్లలో మునగడం సత్యం కళ్లారా చూశాడు.

జబ్బు తగ్గింది. తోట తిరిగి రాలేదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి చేతిలో తోట లేకపోతే ఏం చేస్తాడు? నాలుగు చోట్ల కూలికెళ్లి, ఆఖరికి అమలాపురం గడియార స్తంభం దగ్గర, దర్జీ కొట్టు మేడ మీదున్న కాశీవిశ్వనాథంగారి పంచన చేరాడు. ఆయన పూర్వం ఇన్సూరెన్సు కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చేవాడు. ఇప్పుడు సొంతంగా 'ప్రైవేటు పరిశోధకులు' అని బోర్డు పెట్టుకున్నాడు. తండ్రి ఘనాపాఠి. కొడుక్కి వేదం పూర్తిగా రాలేదు గానీ, ఆ ఇంటి చెవి మాత్రం వచ్చింది. ఎదుటి మనిషి మాటలో ఒక్క అక్షరం తప్పినా ఆయన చెవి నిక్కబొడుచుకుంటుంది. ఆ చెవి అంటే సత్యానికి మహా గౌరవం.

2005 ఏప్రిల్ మొదటి సోమవారం పదకొండు గంటలవేళ ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజానికి రెగ్జిన్ బ్యాగు. మోపెడ్ మీద ఎండలో వచ్చినట్టుంది, మొహం కందిపోయింది.

"నా పేరు భవానీదేవండి. టీబీ యూనిట్లో సూపర్‌వైజర్నండి, కాంట్రాక్టు మీద. గురువారంతో నా ఉద్యోగం పోతుందండి. ఉద్యోగం పోతే పోయింది, దొంగ లెక్కలు రాసిందని పేరు పడుతుందండి. అదే భయంగా ఉంది."

"ముందు కూర్చోండమ్మా," అన్నాడు కాశీవిశ్వనాథం. "సత్యం, మంచినీళ్లు."

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, బ్యాగులోంచి చుట్టగా చుట్టిన చార్టు తీసి బల్ల మీద పరిచింది. రంగు పెన్సిళ్లతో నిలువు గీతలు. ఒక్కో గీత కింద ఒక్కో దేశం పేరు: ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్. అన్నింటికీ చివర, అన్నింటికంటే పొడుగ్గా, ఆకుపచ్చ గీత. దాని కింద 'మన యూనిట్' అని ఉంది.

"ఏమిటమ్మా ఈ పొడుగు?"

"వందమందికి మందు మొదలుపెడితే ఎంతమంది చివరిదాకా మింగి బాగుపడ్డారన్న లెక్కండి. ఎనభై అయిదు దాటితే గొప్ప. మాకు అరవై నలుగురిలో అరవై ఒక్కరు పూర్తి చేసేరండి. తొంభై అయిదు. అన్ని దేశాల లెక్కా పక్కపక్కన పెట్టుకుని, మా దగ్గర ఇంత ఎలా వచ్చిందో చూద్దామని బయటిదేశాల డాక్టర్లు గురువారం వస్తున్నారండి."

కాశీవిశ్వనాథం గీతలన్నీ ఒకసారి చూసి నవ్వాడు. "పారిపోయినవాణ్ని కూడా నిజాయితీగా లెక్కేసిన దేశం గీత పొట్టిదవుతుంది. దాచినవాడి గీత పొడుగవుతుంది. మీది ఎలాంటి పొడుగు?"

భవానీదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాది మింగించిన పొడుగండి. మా పద్ధతిలో మందు ఇంటికివ్వం. ఒక్కో రోగికి ఒక్కో డబ్బా, దాని మీద పేరు. సోమ, బుధ, శుక్రవారాలు సెంటరుకొచ్చి కార్యకర్త ఎదురుగా మింగాలి. మింగినట్టు కార్డు మీద గుర్తు పెడతాం. ఆర్నెల్లు. ఆఖరి నాలుగు నెలలూ వారానికోసారి వచ్చి, మిగతా మాత్రలు ఇంటికి తీసుకెళ్లొచ్చు."

"మరి ఏం పోయింది?"

"కొత్తలంకపాలెం సెంటర్లో ఏసుదాసు అనే పేషంటు కార్డూ, డబ్బా పోయేయండి. వచ్చేవాళ్లు ఏయే ఇళ్లకి వెళ్తారో శుక్రవారం లిస్టు పంపేరు. అందులో మొదటి పేరు వాడిదే. ఈరోజు పొద్దున్న బీరువా తీస్తే లేవు. పరుగెత్తుకుంటూ వాడింటికెళ్తే మనిషీ లేడు. మా డాక్టరు ఉపేంద్రగారు 'లేని మనిషిని రాసి శాతం పెంచేవా? గురువారంలోగా వాణ్ని చూపించు, లేకపోతే రిపోర్టు రాస్తాను' అన్నారండి."

"ఏసుదాసుని మీరు ఎప్పుడైనా చూశారా?"

"మొదట్లో ఒక్కసారండి, చిరునామా సరిచూడ్డానికి వెళ్లినప్పుడు. కొబ్బరికాయలు ఒలిచే మనిషి. ఇంత బలమైనవాడికి ఈ రోగమేంటా అనుకున్నాను. తర్వాత నేను చూసేది కార్డులేనండి. మందు మింగించేది చిన్నమ్మలు, మా అంగన్వాడీ కార్యకర్త."

"సరిగ్గా వచ్చేవాడా?"

ఆవిడ డైరీ తీసింది. "అందరికంటే బాగా వచ్చేడండి. సెప్టెంబరు 27న మొదలు, మార్చి 25న ఆఖరి డోసు. ఆ రోజు గుడ్ ఫ్రైడే, అయినా మానకుండా మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి మింగేడని చిన్నమ్మలు చెప్పింది. ఇంటికి మాత్రలు తీసుకెళ్లమన్నా తీసుకెళ్లలేదట, ప్రతి డోసూ అక్కడే. ఎప్పుడైనా మానేస్తే మర్నాడే వచ్చేవాడు. ఆ రోజులు రాసుకున్నాను. నవంబరు 8, నవంబరు 22, డిసెంబరు 8, డిసెంబరు 22, జనవరి 21, ఫిబ్రవరి 4..."

కాశీవిశ్వనాథం కళ్లు మూసుకున్నాడు. పెదాలు ఏదో లెక్క కట్టినట్టు కదిలాయి. తర్వాత కళ్లు తెరిచి, "ఆ సెంటరు ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"కొబ్బరి గోడౌను ముందు గదిలోనండి. ఊళ్లో ఎవరూ చోటివ్వకపోతే బంగారరాజుగారని పెద్దరైతు ఊరికే ఇచ్చేరు."

సత్యం చేతిలో గ్లాసు కిందపడింది.

*

మర్నాడు మంగళవారం పొద్దున్నే ఇద్దరూ స్కూటరు మీద అంబాజీపేట దాటి కొత్తలంకపాలెం చేరారు. దారిలో సత్యం ఊరుకోలేకపోయాడు.

"పంతులుగారూ, దొంగ ఎవడో నేనిప్పుడే చెప్పగలనండి."

"నీ తోట కొన్నాడని దొంగవుతాడుటోయ్?"

"తోట సంగతి కాదండి, పెన్ను సంగతి. టీబీవాడు ముట్టుకున్న పెన్ను పారేసిన మనిషి, టీబీవాళ్లకి ఊరికే గది ఇచ్చేడంటే ఏదో ఉందండి అందులో."

కాశీవిశ్వనాథం వెనక సీటు మీంచి ముందుకు వంగాడు. "నీ కోపంలోనూ ఓ మంచి ప్రశ్న ఉందోయ్ సత్యం. దాన్ని పోగొట్టుకోకు," అన్నాడు.

గోడౌను ముందు లారీకి కొబ్బరికాయలు ఎగుమతవుతున్నాయి. ముందు గదిలో ఇనపబీరువా, కుండ, బోర్లించిన స్టీలు గ్లాసులు నాలుగు. వాటికి దూరంగా గూట్లో, తోమి మెరుస్తున్న ఇత్తడి చెంబు ఒకటి. చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"నేను మందులమ్ముకున్నానంటున్నారండి. అమ్ముకునేదాన్నయితే ఇరవై ఏళ్లు అంగన్వాడీ పిల్లలకి గంజి కాస్తూ కూర్చుంటానేంటండి?"

"అనలేదమ్మా నేను. బీరువా తియ్యండి."

తాళం చెక్కుచెదరలేదు. లోపల వేరేవాళ్ల మందు డబ్బాలు, నిండువి, నాలుగు ఉన్నాయి. ఏసుదాసు డబ్బా ఉండాల్సినచోట దుమ్ములో నలుచదరంగా మచ్చ.

"ఏసుదాసు డబ్బాలో మందు ఎంత మిగిలింది?"

"ఏమీ లేదండి. మార్చిలోనే అయిపోయింది. ఖాళీ రేకులు దాచి ఉంచాలి కదండి, అవే."

"తాళంచెవి?"

ఆవిడ చూపు గోడ మీదున్న మేకు వైపు పోయింది. గోడౌను కాటా పక్కనే అది. "నేనింటికెళ్లేప్పుడు అక్కడ తగిలిస్తానండి. మాకందరికీ తెలుసు. నాకు, గుమస్తా నాగసతీష్‌గారికి, రాజుగారికి."

నాగసతీష్ అప్పుడే లోపలికొచ్చాడు. రాజుగారి మేనల్లుడు, ముప్పై ఏళ్లవాడు. మొహంలో చిరాకు దాచుకోలేదు. "ఆయ్, తెలుసండి. నేనే తీసేనంటారా? తియ్యాలంటే మొత్తం బీరువాయే కాలవలోకి తోసేద్దునండి. ఇక్కడ దగ్గులూ కఫాలూనని దసరా ముందు నుంచి మొత్తుకుంటున్నాను. ముంబయి బేరగాళ్లు గుమ్మంలో వీళ్లని చూసి కురిడీ కొబ్బరి కొనకుండా వెళ్లిపోయేరు. మావయ్య వింటేగా!"

"ఎందుకు వినడు?"

"అదే నాకూ అర్థం కాదండి. ఒకప్పుడైతే టీబీ అన్న మాట వినపడితే చెయ్యి కడుక్కునే మనిషి."

సత్యం తలొంచుకుని గోడౌను వెనక్కి నడిచాడు. ఆ మాట అతన్నే అన్నట్టుంది. వెనక పెరట్లో సున్నం కొట్టిన చిన్న మరుగుదొడ్డి ఉంది, తలుపుకి తాళం. 'రాజుగారికి ఒక్కరికేనండి, తాళంచెవి ఆయన మొలతాట్లో ఉంటుంది' అంది అక్కడ పీచు దులుపుతున్న ఆడమనిషి. నీళ్లు బయటికి పోయే తూము దగ్గర తెల్లటి సున్నం మీద ఏదో రంగు. సత్యం వంగి చూశాడు. పండుబారిన నారింజరంగు. కొత్తది కాదు, పాతబడి సున్నంలోకి ఇంకిపోయింది.

 ఆ రంగుని మరిచిపోవడం ఎలా కుదురుతుంది? పద్నాలుగేళ్ల క్రితం ఆర్నెల్లపాటు, పొద్దున్నే పెరట్లోకెళ్లినప్పుడల్లా, రక్తం పోతోందేమోనని భయపడి చచ్చిన రంగు అది. 'మాత్రల రంగయ్యా, భయం లేదు' అని డాక్టరు చెప్పేదాకా.

గబగబా తిరిగొచ్చి చెప్పబోతే, కాశీవిశ్వనాథం అప్పటికే రాజుగారి ఇంటి వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. బంగారరాజు ఎదురుగా పడక్కుర్చీలో. అరవై ఏళ్లుంటాయి. మనిషి బాగా తగ్గాడు, మెడ దగ్గర చొక్కా వదులైంది. సత్యాన్ని గుర్తుపట్టాడు. చూపు తిప్పుకున్నాడు.

ఆయన భార్య అచ్చాయమ్మగారు కాఫీలు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. భర్త ముందు రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు పెట్టింది.

"మీరు తీసుకోరా రాజుగారూ?"

"ఇవాళ ఆయన పాలూ పళ్లేనండి," అంది అచ్చాయమ్మగారు. "నెలకి రెండుసార్లు. ఒంట్లో ఎంత నీరసంగా ఉన్నా మానరు. ఆ మధ్య ఎంత చిక్కిపోయేరండీ! పొగచూరు దగ్గన్నారు, ఏమీ లేదన్నారు."

"లోపలికెళ్లవే," అన్నాడు బంగారరాజు. తర్వాత కాశీవిశ్వనాథంతో, "ఆ ఏసుదాసుగాడు ఎక్కడికో పోయేడండి. వాడికోసం ఇంత గొడవెందుకు? ఒక్క పేరు కొట్టేస్తే పోలా?"

"ఒక్క పేరు కొట్టేస్తే ఆ అమ్మాయి ఉద్యోగం కొట్టేసినట్టేనండి," అన్నాడు కాశీవిశ్వనాథం, కాఫీ కిందపెడుతూ.

బంగారరాజు పాలగ్లాసు తాగకుండానే పక్కకి నెట్టాడు.

*

ఏసుదాసు భార్య సువార్త పేటలో తాటాకింటి ముందు చాటలో బియ్యం చెరుగుతోంది. వచ్చినవాళ్లని చూసి లేవలేదు.

"ఎవరండి మళ్లీ? రోగమే లేని మనిషి కోసం ఇంతమంది తిరగడమేంటండి?"

"లేదా అమ్మా?" అన్నాడు కాశీవిశ్వనాథం ఆశ్చర్యపోకుండా.

సువార్త నాలిక కరుచుకుంది. సత్యం గట్టు మీద ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. "నాకొచ్చిందమ్మా ఆ రోగం," అన్నాడు మెల్లగా. "నా గ్లాసు వేరే పెట్టేరు మా ఇంట్లోనే. మీ ఇంటాయన్ని ఏం చేసేరో నాకు తెలుసు."

ఆ మాటకి ఆవిడ చాట దించింది. "ఆ సూపర్‌వైజరమ్మ వచ్చెళ్లిన మర్నాడే పేటంతా తెలిసిపోయిందండి. ఒలుపు ముఠాలో ఎవరూ పక్కన కూర్చోనన్నారు. ఒకే కుండలో నీళ్లు తాగేవాళ్లు ఆయన్ని చూసి కుండ ఎత్తుకుపోయేరు. ఆయన ఏమీ అనకుండా రావులపాలెం పోయేడు, అరటిగెలలు మోసుకుంటాకి."

"ఎన్నాళ్లయింది?"

"దసరా ముందు దింపు అయిన మర్నాడండి. తర్వాత మూడు దింపులయ్యేయి. నాలుగోది ఈ వారంలో."

కాశీవిశ్వనాథం సత్యం వైపు చూశాడు. చెట్టెక్కి కాయలు దింపడం నలభై అయిదు రోజులకోసారి. కోనసీమలో క్యాలెండరు లేని ఇంట్లో కాలానికి అదే కొలత. నాలుగు దింపులంటే ఆర్నెల్లు. అంటే ఏసుదాసు ఊరొదిలింది అక్టోబరు మొదట్లో. మరి మార్చి దాకా అతని పేరు మీద మందు మింగిందెవరు?

"ఆ బియ్యం ఎక్కడివమ్మా?" అన్నాడు సత్యం.

"రాజుగారు పంపుతారండి, నెలనెలా," అంది సువార్త. అని మొహం తిప్పుకుంది.

తిరిగొస్తూ సత్యం తూము దగ్గరి రంగు సంగతి చెప్పాడు. కాశీవిశ్వనాథం స్కూటరు ఆపించి, కాలవగట్టు మీద దిగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు తిథులు తెలుసోయ్. ఆ రంగు మాత్రం నీకే తెలుసు. రేపు నువ్వు రావులపాలెం వెళ్లు."

"ఆయన్ని నలుగురిలో నిలబెడదామండి," అన్నాడు సత్యం. "నన్ను నిలబెట్టినట్టు."

"నిలబెట్టడం వేరు, ఆయనే నిలబడేలా చెయ్యడం వేరు. నాకు రెండోది కావాలి."

*

గురువారం పది గంటలకి గోడౌను ముందు గది నిండిపోయింది. డాక్టరు ఉపేంద్ర ఇస్త్రీ చొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. భవానీదేవి చార్టు గోడకి అంటించి, దాని పక్కనే బిగుసుకుని నిలబడింది. చిన్నమ్మలు, నాగసతీష్, బంగారరాజు దంపతులు ఉన్నారు. బయటిదేశాల వాళ్లు ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దావిడ నేపాల్ డాక్టరు, ముఖం నిండా ముడతలు. ఉపేంద్ర ఆవిడకి ఇంగ్లీషులో చెబుతున్నాడు.

"ఏడీ మీ ఏసుదాసు?" అన్నాడు ఉపేంద్ర భవానీదేవితో. "టైమైపోయింది."

"వస్తున్నాడండి," అన్నాడు కాశీవిశ్వనాథం ముందుకొచ్చి. "ఈలోగా ఒక్క అయిదు నిమిషాలు నా మాట వినండి. ఈ బీరువాలో దొంగతనం జరిగింది. దొంగ మందుల కోసం వస్తే నాలుగు నిండు డబ్బాలు వదిలేసి, ఖాళీ డబ్బా పట్టుకెళ్తాడా? వాడికి కావాల్సింది మందు కాదు. పేరు. ఆ కార్డుతో పేరు కూడా మాయమైపోవాలి. ఎందుకు? ఈ పెద్దవాళ్లు ఏసుదాసు ఇంటికెళ్తే, ఏసుదాసు మందు మింగలేదని తేలిపోతుంది."

"చూశారా! లేని రోగి," అన్నాడు ఉపేంద్ర.

"రోగి ఉన్నాడండి. మింగాడు. డెబ్భై ఎనిమిది డోసులూ మింగాడు, బాగుపడ్డాడు. భవానీదేవిగారి లెక్క నిజం. పేరొక్కటే అబద్ధం." ఆయన డైరీ తెరిచాడు. "ఈయన ఎప్పుడో ఓసారి మందు మానేసి మర్నాడు మింగేవాడు. నవంబరు ఎనిమిది, ఇరవై రెండు. డిసెంబరు ఎనిమిది, ఇరవై రెండు. జనవరి ఇరవై ఒకటి. ఫిబ్రవరి నాలుగు. మా నాన్నగారు బతికుంటే వినగానే చెప్పేవారు, నాకు కాస్త ఆలస్యమైంది. అన్నీ ఏకాదశులే. కడుపులో ఏమీ లేకుండా ఈ మాత్రలు మింగితే వాంతవుతుంది, అందుకని ద్వాదశి నాడు భోంచేసి మింగేవాడు. అదే మనిషి గుడ్ ఫ్రైడే నాడు, పేటలో వాళ్లంతా గుళ్లో ఉన్న మిట్టమధ్యాహ్నం, ఇక్కడికొచ్చి మింగాడు. ఏకాదశికి ఉపవాసముండి, గుడ్ ఫ్రైడేకి గుడి మానేసే ఏసుదాసుని మీరెక్కడైనా చూశారా?"

 అచ్చాయమ్మగారు మెల్లగా తలతిప్పి భర్త వైపు చూసింది.

"ఈ రోగి మాత్రలు ఇంటికి తీసుకెళ్లలేదు. ఇంట్లో తెలియకూడదు కనక. అందరి గ్లాసులో నీళ్లు తాగలేదు, తన చెంబు తనకి ఉంది కనక. ఆ మాత్రలు తిన్నవాడి ఒంట్లోంచి పోయే నీరు నారింజరంగులో ఉంటుంది. ఆ రంగు ఇక్కడ ఎవరి గోడకి అంటిందో సత్యం చూశాడు. ఎవరిదో నేను చెప్పను. చెప్పాల్సినవాడు గదిలోనే ఉన్నాడు."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. సత్యం వెనకాల ఏసుదాసు లోపలికొచ్చాడు. గెలలు మోసి మోసి భుజాలు కాయలు కాచిన మనిషి. ఒక్క దగ్గు లేదు. ఎవరి వైపూ చూడకుండా తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"దణ్ణాలండి రాజుగారూ," అన్నాడు. "నేనేమీ చెప్పలేదండి. మాటిచ్చేను కదండి."

ఆ మాట విన్నాక బంగారరాజు గోడ పట్టుకుని లేచాడు.

"నేనేనండి," అన్నాడు. "కఫంలో రక్తం కనపడితే సెంటరుకి ఈ గదిచ్చి, చిన్నమ్మల్ని బతిమాలుకున్నాను. నా పేరు మీద రాస్తే నా కురిడీ ఎవడు కొంటాడు, నా అరుగెవడు ఎక్కుతాడు అనుకున్నాను. వీడి పేరివ్వమని వీణ్ని అడిగేను. మా తాతల నాటి నుంచి మమ్మల్ని నమ్ముకున్న ఇంటివాడు, కాదనలేకపోయేడు. నా కఫమే వీడి పేరుతో పరీక్షకెళ్లింది. నాలుగు రోజుల్లో మరిచిపోతారులే అనుకున్నాను గానీ, వీడికి ఊరే లేకుండా పోతుందనుకోలేదండి. శుక్రవారం సెంటరుకొచ్చిన లిస్టు చూసేక మేకు మీద తాళంచెవి తీసి, కార్డూ డబ్బా మాయం చేసేను. చిన్నమ్మలు తప్పు లేదు. ఆవిడ నోరు విప్పలేదు, నేను ఒట్టేయించుకున్నాను."

చిన్నమ్మలు చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ప్రాణం పోతుంటే పేరేంటనుకున్నానండి భవానమ్మా," అంది. భవానీదేవి ఆవిడని తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక చెయ్యి పట్టుకుంది.

నాగసతీష్ "మావయ్యా!" అని ఆగిపోయాడు. అచ్చాయమ్మగారు మాత్రం గట్టిగానే అంది: "ఆర్నెల్లు పక్కన పడుకున్నదాన్ని. నాకు చెప్తే నేను పారిపోతానా మిమ్మల్ని వదిలేసి?"

ఉపేంద్ర ఎర్రబడిన మొహంతో ఇదంతా నేపాల్ డాక్టరమ్మకి ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ చాలాసేపు చార్టు వైపు చూసింది. తర్వాత చెప్పిన మాటని ఉపేంద్ర తెలుగు చేస్తూ కొంచెం తడబడ్డాడు.

"మా కొండల్లోనూ ఇలాంటివాళ్లున్నారు అంటున్నారు. పాలేరు పేరు మీద మింగిన ఆసామిని ఆవిడే చూశారట. అన్ని దేశాల ఫారాలూ ఒకలాగే ఉంటాయట. బాగుపడ్డవాడు, చనిపోయినవాడు, పారిపోయినవాడు, అందరికీ గడులున్నాయి. సిగ్గుపడి పేరు మార్చుకున్నవాడికి మాత్రం ఏ దేశంలోనూ గడి లేదంటున్నారు." ఆగి, భవానీదేవి వైపు చూడలేక నేలచూపులు చూస్తూ అన్నాడు: "మీ తొంభై అయిదు సరైనదే అంటున్నారు. పేరు దిద్దితే చాలట."

భవానీదేవి పక్కకి తిరిగి, ఊడొస్తున్న చార్టు మూలని అరచేత్తో గోడకి అదిమింది.

"నా పని ఇంకొకటి మిగిలిందండి," అన్నాడు కాశీవిశ్వనాథం బంగారరాజుతో. "ఏసుదాసుకి రోగం రాలేదనీ, వచ్చింది మీకనీ పేటలో ఆ ఒలుపు ముఠా కుండ దగ్గర నిలబడి మీరే చెప్పాలి. మా నోటి మాట అక్కడ చెల్లదు."

"చెప్తానండి. ఇవాళే."

"పెద్ద మాటలేమీ అక్కర్లేదండి," అన్నాడు ఏసుదాసు. "ఆ కుండలో నీళ్లు ముంచి మీరు తాగి, నాకిస్తే చాలండి."

బంగారరాజు తలూపాడు.

ఉపేంద్ర కొత్త కార్డు తీసి పేరు రాసి, తన పెన్ను జేబుకి తగిలించుకుని, రోగి సంతకం పెట్టాలన్నాడు. బంగారరాజు జేబు తడుముకున్నాడు. పెన్ను లేదు. చుట్టూ చూశాడు. అందరికంటే దగ్గరగా నిలబడింది సత్యం. అతని జేబులో రెండు రూపాయల నీలం పెన్ను ఉంది.

పద్నాలుగేళ్లుగా సత్యం ఇలాంటి రోజు కోసం ఎన్ని మాటలు కూడబెట్టుకున్నాడో అతనికే తెలియదు. పెన్ను తీసి బల్ల మీద పడెయ్యబోయాడు. చెయ్యి గాల్లో ఆగింది. ఎదురుగా ముసలి చెయ్యి చాచి ఉంది. సత్యం పెన్నుని ఆ చేతిలో పెట్టాడు.

బంగారరాజు సంతకం పెట్టాడు. పెన్ను తిరిగివ్వడానికి భయపడి, పట్టుకునే నిలబడ్డాడు. "కడిగిస్తాను సత్యం," అన్నాడు గొణిగినట్టు.

"అక్కర్లేదండి," అని సత్యం దాన్ని తీసుకుని మూత పెట్టి, జేబుకి తగిలించుకున్నాడు.

బయటికొచ్చి స్కూటరు స్టార్టు చేశాడు. కాశీవిశ్వనాథం వెనకెక్కాడు. మలుపు తిరిగాక ఎడమ చేతి వైపు తోట వచ్చింది. ఎవరో చెట్టెక్కి కాయలు దింపుతున్నారు. ఒక్కో గెల ధబ్బున నేల తాకుతోంది. సత్యం బండి నెమ్మది చేశాడు.

"ఇదేనా?" అన్నాడు కాశీవిశ్వనాథం.

"ఆయ్, ఇదేనండి. నలభై ఏడు సెంట్లు. ముప్పై రెండు చెట్లు."